క్లోమంలో రాళ్లు, షుగర్ 268, కీటోన్లు నిల్: హార్మోన్ల లెక్క ఎలా చెప్పాలి?

#1 నర్సింగ్_ట్యూటర్
వినాళ గ్రంథుల పాఠంలో క్లోమం దగ్గరికి వచ్చేసరికి ఇన్సులిన్‌తో మొదలుపెట్టి ఇన్సులిన్‌తోనే ముగించేస్తాం. ఈసారి గ్రంథి అంతా కళ్లముందుకొచ్చేలా ఒక కేసు అల్లాను. నిజమైన రోగి కాదు, క్లాసు కోసం తయారు చేసింది.

24 ఏళ్ల మనిషి, బీఎంఐ 17. చిన్నప్పటి నుంచి వచ్చిపోయే కడుపు నొప్పి. జిడ్డుగా, నీళ్లలో తేలే విరేచనం. పరగడుపు షుగర్ 268, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 11.4, మూత్రంలో కీటోన్లు (లివర్ కొవ్వు నుంచి చేసే పదార్థాలు) లేవు. స్కాన్‌లో క్లోమ నాళం ఉబ్బి ఉంది, లోపల పెద్ద రాళ్లు. పరగడుపు సి-పెప్టైడ్ (ఇన్సులిన్‌తో పాటే క్లోమం వదిలే ముక్క) మి.లీ.కి 0.9 నానోగ్రాములు.

పిల్లలు అడగబోయేవి మూడు. షుగర్ అంత ఉన్నా కీటోన్లు ఎందుకు లేవు? ఇలాంటివాళ్లు కొద్దిపాటి ఇన్సులిన్‌కే ఎందుకు లో షుగర్‌లోకి జారిపోతారు? ఆ 0.9 ఎక్కువా తక్కువా?

#2 ఎండో_గుంటూరు
మంచి కేసు మేడం. ఇది టైప్ 1 కాదు, టైప్ 2 కాదు. క్లోమం దెబ్బతినడం వల్ల వచ్చే షుగర్, టైప్ 3సి అంటున్నారు ఇప్పుడు. అందులోనూ రాళ్లతో వచ్చే ఈ రకం మన దక్షిణాదిలో బాగా తెలిసిందే, ఫైబ్రోకాల్క్యులస్ ప్యాంక్రియాటిక్ డయాబెటిస్.

పెద్దవాళ్లలో క్లోమం బరువు 70 నుంచి 100 గ్రాములు. అందులో హార్మోన్లు చేసే కణాల గుంపులు, అంటే లాంగర్‌హాన్స్ పుటికల వాటా ఒకటి రెండు శాతమే. అంటే మనిషిని నడిపే ఇన్సులిన్ అంతా గ్రాము, రెండు గ్రాముల కణజాలం నుంచి వస్తోంది. సంఖ్యలో మాత్రం పుటికలు పది లక్షల దాకా ఉంటాయి. టైప్ 1లో రోగనిరోధక వ్యవస్థ ఇన్సులిన్ చేసే బీటా కణాలను ఏరి చంపుతుంది, పక్కనున్న, షుగర్ పెంచే గ్లూకగాన్ హార్మోన్ చేసే ఆల్ఫా కణాలు మిగులుతాయి. ఇక్కడ అలా కాదు. నాళం మూసుకుపోయి, జీర్ణరసం తయారుచేసే భాగం ఎండిపోయి, నారలా గట్టిపడే కణజాలం పుటికలను కూడా బిగించేస్తుంది. వ్యాధి ముదిరేకొద్దీ బీటాతో పాటు ఆల్ఫా కూడా పోతుంది. మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు ఈ ఒక్క తేడాలోనే ఉంది.

కీటోన్ల సంగతి. లివర్ కీటోన్లు తయారు చేయాలంటే కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు రావాలి, లివర్‌లో గ్లూకగాన్ పైచేయిగా ఉండాలి. కొవ్వు కరగకుండా ఆపడానికి కావలసిన ఇన్సులిన్ చాలా తక్కువ, కండరంలోకి గ్లూకోజ్ పంపడానికి కావలసినదానిలో చిన్న వంతు. ఈ మనిషిలో ఆ కాస్త ఇన్సులిన్ మిగిలే ఉంది. గ్లూకగాన్ తగ్గింది. బీఎంఐ 17 అంటే కరిగే కొవ్వూ అంతంతే. అందుకే షుగర్ 268 ఉన్నా కీటోన్లు లేవు.

కానీ పిల్లలకు 'ఈ రకంలో కీటోన్లు రావు' అని మాత్రం రాయించకండి. ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆపరేషన్ జరిగినా, ఇన్సులిన్ పూర్తిగా మానేసినా రావచ్చు. పైగా మూత్రపు స్ట్రిప్ అసిటోఅసిటేట్ అనే కీటోన్‌నే పట్టుకుంటుంది. ఒంట్లో ఎక్కువగా పేరుకునే ఇంకో కీటోన్ బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్ దానికి కనబడదు. అనుమానం ఉంటే రక్తంలో చూడాలి.

#3 మెడికో_21
సార్, చిన్న సందేహం. మా పుస్తకంలో పుటిక బొమ్మలో బీటా కణాలు మధ్యలో, ఆల్ఫా కణాలు చుట్టూ అంచున ఉన్నాయి. అలాగైతే ఫైబ్రోసిస్ (ఆ నార గట్టిపడటం) ముందు ఆల్ఫానే కదా పట్టుకోవాలి?

#4 బయోకెమ్_రమ
ఆ బొమ్మ ఎలుకది. ఎన్ని ఎడిషన్లు మారినా అదే బొమ్మ తిరుగుతోంది. మనిషి పుటికలో బీటా, ఆల్ఫా, డెల్టా కణాలు కలగలిసి, రక్తనాళాల వెంబడి ఉంటాయి. బీటా 60 శాతం చుట్టుపక్కల, ఆల్ఫా 30, డెల్టా 10కి అటూ ఇటూ, పుటికను బట్టి బాగా మారుతుంది. ప్యాంక్రియాటిక్ పాలీపెప్టైడ్ అనే హార్మోన్ చేసే పీపీ కణాలు క్లోమం తలలో, అదీ పిండదశలో ముందువైపు మొగ్గ నుంచి పుట్టిన భాగంలో ఎక్కువ. ఆకలి హార్మోన్ ఘ్రెలిన్ చేసే ఎప్సిలాన్ కణాలు పెద్దవాళ్లలో ఒక శాతం కూడా ఉండవు.

ఎలుకకూ మనిషికీ ఇంకో తేడా, పరీక్షల్లో ఇదీ తప్పుగానే రాస్తారు. బీటా కణంలోకి గ్లూకోజ్ తీసుకెళ్లే ప్రధాన వాహకం ఎలుకలో గ్లట్-2, మనిషిలో గ్లట్-1. అసలు షుగర్‌ను 'కొలిచేది' వాహకం కాదు, లోపలున్న గ్లూకోకైనేజ్ అనే ఎంజైము. మిగతా కణాల్లోని హెక్సోకైనేజ్ అతి తక్కువ గ్లూకోజ్‌కే నిండిపోతుంది. గ్లూకోకైనేజ్ సగం వేగం అందుకునేది 8 మిల్లీమోల్స్ దగ్గర, అంటే 144 ఎంజీ/డీఎల్. మన రోజువారీ షుగర్ తిరిగే పరిధి సరిగ్గా అదే కాబట్టి, షుగర్ పెరిగిన కొద్దీ దాని వేగం పెరుగుతూనే ఉంటుంది.

తరవాతి మెట్లు: గ్లూకోజ్ కాలి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ పెరిగితే పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి. కణపొర వోల్టేజ్ మారి కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కాల్షియం లోపలికి రాగానే సిద్ధంగా ఉన్న సంచులు కణపొరతో కలిసి తెరుచుకుని ఇన్సులిన్‌ను బయటికి వదులుతాయి. సిరలోకి నేరుగా గ్లూకోజ్ ఎక్కించి చూస్తే మొదటి 10 నిమిషాల్లో వచ్చే ఉధృతి ఈ సిద్ధంగా ఉన్న సంచులదే. తరవాత నెమ్మదిగా సాగేది రెండో దశ. టైప్ 2లో ముందు పోయేది ఆ మొదటి ఉధృతి.

ఈ మెట్లు అర్థమైతే మందులు బట్టీ పట్టక్కర్లేదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ అనే షుగర్ మాత్రలు ఆ పొటాషియం ద్వారాన్ని షుగర్‌తో సంబంధం లేకుండా మూసేస్తాయి, అందుకే లో షుగర్ తెస్తాయి. డయజాక్సైడ్ దాన్ని తెరిచి ఉంచుతుంది, ఇన్సులినోమాలో (ఇన్సులిన్ ఎక్కువగా చేసే కణితి) వాడతారు. ఆరు నెలల లోపు పిల్లల్లో వచ్చే షుగర్‌లో కొందరికి ఇదే ద్వారం జన్యులోపం వల్ల మూసుకోదు. వాళ్లలో చాలామందిని ఇన్సులిన్ ఆపి మాత్రల మీదికి మార్చగలుగుతున్నారు. ఆరు నెలల లోపు షుగర్ వస్తే జన్యు పరీక్ష తప్పనిసరి అనేది అందుకే.

#5 ల్యాబ్_బాబాయి
0.9 గురించి నేను చెబుతాను.

ప్రోఇన్సులిన్ 86 అమైనో ఆమ్లాల గొలుసు. అది తెగితే 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్, 31 అమైనో ఆమ్లాల సి-పెప్టైడ్ వస్తాయి, కత్తిరింపులో నాలుగు పోతాయి. ఒక ఇన్సులిన్‌కు ఒక సి-పెప్టైడ్, సరిసమానం. అయితే ఇన్సులిన్‌లో సగం దాకా లివర్ మొదటి దాటులోనే మింగేస్తుంది, రక్తంలో దాని అర్ధాయువు నాలుగైదు నిమిషాలు. సి-పెప్టైడ్‌ను లివర్ పెద్దగా ముట్టదు, అర్ధాయువు అరగంట. బయటి నుంచి పొడిచే ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. అందుకే క్లోమం సొంతంగా ఎంత చేస్తోందో తెలియాలంటే సి-పెప్టైడే చూడాలి.

నానోగ్రాములను 331తో గుణిస్తే పికోమోల్స్. 0.9 అంటే దాదాపు 300. 200 లోపు అయితే ఇన్సులిన్ దాదాపు ఎండిపోయినట్టు, 600 పైన అయితే బాగానే మిగిలినట్టు. 300 మధ్యలో పడింది. కానీ ఆ అంకెను ఒంటరిగా చదవకూడదు. పక్కన షుగర్ 268 ఉంది. ఆరోగ్యంగా ఉన్న బీటా కణాలు ఆ షుగర్‌కు ఎంతో ఎక్కువ చేసి ఉండాలి. అంటే 'నార్మల్ పరిధికి దగ్గరగా ఉంది' అని రిపోర్టు చెప్పినా, ఉన్న షుగర్‌కు అది తక్కువే.

తిరకాసులు కొన్ని ఉన్నాయి.
సి-పెప్టైడ్ పోయేది కిడ్నీల ద్వారా. క్రియాటినిన్ పెరిగిన మనిషిలో అది ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది.
షుగర్ వారాల తరబడి ఎక్కువగా ఉంటే బీటా కణాలు మొద్దుబారతాయి. షుగర్ దారిలోకి వచ్చాక మళ్లీ చేస్తే అంకె పెరగొచ్చు. లో షుగర్‌లో తీసిన శాంపిల్‌లో సి-పెప్టైడ్ తగ్గడం సహజం, దాన్ని బట్టి టైప్ 1 అని ముద్ర వేయకూడదు.
జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు (5, 10 మి.గ్రా.వి) స్ట్రెప్టావిడిన్ (బయోటిన్‌ను పట్టుకునే ప్రోటీన్) పద్ధతి కిట్లలో సి-పెప్టైడ్‌ను, ఇన్సులిన్‌ను తప్పుగా తక్కువ చూపిస్తాయి. కనీసం రెండు మూడు రోజులు ఆపి రావాలి. ఈ ప్రశ్న అడిగే కలెక్షన్ సెంటర్లు అరుదు.
ఇన్సులిన్ శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే రిపోర్టు పనికిరాదు. ఎర్రకణాల్లోని ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది.

#6 మెడికో_21
బాబాయ్ గారూ, అయితే యూట్యూబ్‌లో అందరూ చేయించుకోమంటున్న ఫాస్టింగ్ ఇన్సులిన్, హోమా-ఐఆర్ సంగతి?

#7 ల్యాబ్_బాబాయి
పరగడుపు ఇన్సులిన్‌ను షుగర్‌తో గుణించి 405తో భాగిస్తే హోమా-ఐఆర్, ఒళ్లు ఇన్సులిన్‌కు ఎంత మొండికేస్తోందో చెప్పే అంచనా. ఇన్సులిన్ 12, షుగర్ 100 అయితే 2.96. లెక్క తేలికే, నమ్మకమే కష్టం. ఒక కిట్‌కూ ఇంకో కిట్‌కూ ఇన్సులిన్ అంకెలు కలవవు. ఇన్సులిన్ ఐదు పది నిమిషాలకోసారి దఫాలుగా విడుదలవుతుంది, ఒక్క శాంపిల్ ఏ దఫాలో పడిందో తెలియదు. వందల మందిని సర్వే చేసేటప్పుడు పనికొస్తుంది. ఒక మనిషికి 2.9 వచ్చింది, 2.6కి తగ్గింది అని సంబరపడటానికి కాదు. ఇన్సులిన్ పొడుచుకునేవాళ్లకు అసలు లెక్కే వర్తించదు.

#8 ఓరుగల్లు_ఫార్మసీ
లో షుగర్ ముచ్చట వచ్చింది కాబట్టి కౌంటర్ కాడ జరిగే రెండు తప్పులు చెప్తా, మేడం క్లాసులో చెప్పాలె.

ఒకటి సిరంజి. మన దగ్గర సీసా ఇన్సులిన్ ఎక్కువగ మి.లీ.కు 40 యూనిట్లది, ఎర్ర మూత సిరంజి దానికి. పెన్ను కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి, 100 సిరంజికి నారింజ మూత ఉంటది. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిల 10 గీతల దాకా గుంజితే లోపలికి పోయేది 10 కాదు, 25 యూనిట్లు. తారుమారైతే, అంటే 40 ఇన్సులిన్‌ను నారింజ సిరంజిల 10 గీతలు తీస్తే, పోయేది 4 యూనిట్లే. పెన్ను ఖరాబైందని కార్ట్రిడ్జ్‌ల నుంచి సిరంజితోని తీసేటోళ్లు శానమంది, గండం ఆడనే ఉంటది.

రెండోది వోగ్లిబోజ్, అకార్బోజ్ వాడేటోళ్లు. లో అయితే చక్కెర నోట్ల పోస్తరు, అది జల్ది ఎక్కది. ఆ మందు పేగుల చక్కెరను విరగ్గొట్టే ఎంజైమునే ఆపుతది. వాళ్లకు గ్లూకోజ్ పొడే ఇయ్యాలె, 15 గ్రాములు, అంటే నిండుగ మూడు చెంచాలు. 15 నిమిషాలు ఆగి మళ్ల చూసుడు.

#9 మోడరేటర్
ఓరుగల్లు గారు చెప్పింది అందరికీ పనికొస్తుంది, ఉంచుతున్నాను. ఎవరూ సొంత రిపోర్టులు పెట్టి డోసు అడగొద్దు, అలాంటి రెండు పోస్టులు ఇప్పుడే తీసేశాను. క్లోమం మీదికి రండి.

#10 ఎండో_గుంటూరు
రెండో ప్రశ్న మిగిలింది. మామూలు మనిషిలో షుగర్ 80కి దిగగానే బీటా కణం ఇన్సులిన్ తగ్గిస్తుంది. 65-70 మధ్యలో గ్లూకగాన్, అడ్రినలిన్ లేస్తాయి. గ్లూకగాన్ లివర్‌లో గ్లూకోజ్ నిలవగా ఉండే గ్లైకోజన్‌ను నిమిషాల్లో కరిగిస్తుంది. మన కేసులో మొదటి కాపలా లేదు, ఎందుకంటే ఇన్సులిన్ సూదితో వచ్చింది, తగ్గించడం ఎవరి చేతిలోనూ లేదు. రెండో కాపలా గ్లూకగాన్ కూడా లేదు. అడ్రినలిన్ ఒక్కటే మిగిలింది. దానికి తోడు తిన్నది సరిగా అరగదు, కాబట్టి భోజనానికి లెక్కగట్టి వేసిన ఇన్సులిన్ ముందు పనిచేస్తుంది, గ్లూకోజ్ ఆలస్యంగానో తక్కువగానో వస్తుంది.

టైప్ 1లోనూ కొన్నేళ్లకు లో షుగర్‌కు గ్లూకగాన్ లేవడం మానేస్తుంది, ఆల్ఫా కణాలు బతికే ఉన్నా సరే. పక్కనున్న బీటా కణం ఇన్సులిన్ తగ్గించడమే ఆల్ఫాకు ఒక సైగ, ఆ సైగ ఇచ్చేవాడు లేడు. విచిత్రం ఏంటంటే అదే టైప్ 1 రోగిలో భోజనం తరవాత గ్లూకగాన్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది.

ఇంట్లో ఉంచుకునే గ్లూకగాన్ సూది పెద్దవాళ్లకు 1 మి.గ్రా., 25 కిలోల లోపు పిల్లలకు సగం. పొడిని నీళ్లతో కలిపిన వెంటనే వాడాలి, నిలవ ఉంటే పోగులుగా గడ్డకడుతుంది. 10-15 నిమిషాల్లో తెలివి రావాలి. వాంతి వస్తుంది కాబట్టి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అయితే ఈ సూది లివర్‌లో గ్లైకోజన్ ఉంటేనే పనిచేస్తుంది. తిండి లేక చిక్కిపోయినవాడిలో, మద్యం తాగి తినకుండా పడుకున్నవాడిలో గ్లైకోజన్ ఉండదు. మద్యం లివర్ కొత్తగా గ్లూకోజ్ చేయడాన్ని కూడా ఆపేస్తుంది. వాళ్లకు సిరలో డెక్స్‌ట్రోజే: 25 శాతంది 100 మి.లీ. అంటే 25 గ్రాములు.

#11 బయోకెమ్_రమ
గ్లూకగాన్‌ను 'లో షుగర్ కాపలాదారు'గా మాత్రమే చెబితే దానికి అన్యాయం. మాంసకృత్తులు తిన్నప్పుడు ఇన్సులిన్, గ్లూకగాన్ రెండూ పెరుగుతాయి. అమైనో ఆమ్లాలకు ఇన్సులిన్ ఒక్కటే లేస్తే, పిండిపదార్థం లేని ఆ భోజనానికి షుగర్ పడిపోవాలి. గ్లూకగాన్ దాన్ని నిలబెడుతుంది, లివర్‌లో అమైనో ఆమ్లాలను కూడా కాల్చిస్తుంది. అందుకే గ్లూకగాన్ ఎక్కువగా చేసే కణితిలో రక్తంలోని అమైనో ఆమ్లాలు పడిపోయి, ఒంటి మీద ఎర్రగా పాకే పుండ్లు వస్తాయి.

1923లో కింబాల్, మర్లిన్ దానికి పేరు పెట్టినప్పుడు క్లోమం నుంచి తీసిన సారంలో కల్తీగానే కనబడింది, ఇన్సులిన్ ఇస్తే ముందు షుగర్ కాస్త పెరిగి తరవాత దిగేది. నన్నడిగితే షుగర్ వ్యాధి సగం గ్లూకగాన్ వ్యాధే. ఉంగర్ బృందం 2011లో చూపించింది కదా, గ్లూకగాన్ గ్రాహకం లేని ఎలుకల్లో బీటా కణాలను చంపినా షుగర్ పెరగలేదు.

#12 ఎండో_గుంటూరు
రమ గారూ, మళ్లీ ఎలుకేనా? ఆ ఎలుకల్లో కాస్త ఇన్సులిన్ మిగిలి ఉందని, అది కూడా లేకపోతే షుగర్ పెరుగుతుందని తరవాతి పనులు చూపించాయి. పైగా మన కేసే మీకు ఎదురు సాక్ష్యం. క్లోమం మొత్తం తీసేసినవాళ్లకు ఆ గ్రంథి గ్లూకగాన్ లేదు, అయినా షుగర్ వస్తుంది. మీ మాటలో సగం ఒప్పుకుంటాను: టైప్ 2లో పరగడుపు షుగర్ ఎక్కువగా ఉండటంలో గ్లూకగాన్ వాటా పెద్దదే.

దీనికి దారి కూడా కారణం. క్లోమం రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కే పోతుంది. కాలవ తూముకు దగ్గరి మడికి నీళ్లు ముందు అందినట్టు, లివర్‌కు అందే ఇన్సులిన్ మిగతా ఒంటికి అందేదానికి రెండు మూడు రెట్లు. పొట్ట చర్మం కింద పొడిచింది ముందు ఒంటికి పోతుంది, పలచబడి లివర్‌కు చేరుతుంది. పుటిక లోపలున్న ఆల్ఫా కణానికి పక్కింటి బీటా నుంచి అందే చిక్కటి ఇన్సులిన్ ఆ సూదితో ఎప్పటికీ అందదు.

#13 సర్జికల్_గ్యాస్ట్రో
రాళ్లు తీసి నాళాన్ని పేగుకు కలిపే ఆపరేషన్ నొప్పికి. షుగర్ పోతుందని ఎవరికీ మాటివ్వకూడదు, పోయిన పుటికలు తిరిగి రావు. తల భాగం తీస్తే పీపీ కణాలు పోతాయి, పుటికలు దట్టంగా ఉండే తోక తీస్తే ఇన్సులిన్‌కు ఎక్కువ దెబ్బ.

నర్సింగ్ పిల్లలకు అసలు చెప్పాల్సింది ఎంజైము క్యాప్సూల్స్ గురించి. పెద్ద భోజనానికి 40,000 నుంచి 50,000 లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైము) యూనిట్లు, చిరుతిండికి అందులో సగం. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో మిగతాది. భోజనం అయ్యాక వేసుకుంటే తిన్నది ముందే దిగిపోతుంది. లోపలి గుళికలను నమలకూడదు, వేడి పాలల్లో, వేడి సాంబారన్నంలో కలపకూడదు. ఇంకో మెలిక: క్యాప్సూల్స్ మొదలుపెట్టిన వారాల్లో తిండి బాగా ఒంటబట్టి షుగర్ పెరుగుతుంది. అది మందు వికటించడం కాదు, ఇన్సులిన్ సవరించాలి. కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు కూడా చూసుకోవాలి.

#14 మెడికో_21
కర్రపెండలం తింటే ఈ రాళ్లు వస్తాయంటారు, నిజమేనా సార్? మాది పెద్దాపురం వైపు, అక్కడ సగ్గుబియ్యం మిల్లులే మిల్లులు.

#15 సర్జికల్_గ్యాస్ట్రో
దుంపలోని సయనైడ్ పదార్థాలు కారణమని కేరళ కేసులు చూసి ఒకప్పుడు అనుకున్నారు. రుజువు కాలేదు. కర్రపెండలం తినని చోట్లా ఈ వ్యాధి ఉంది, రోజూ తినే చోట్ల లేకుండానూ ఉంది. గట్టిగా నిలబడింది జన్యువు: స్పింక్1 అనే జన్యువులో ఎన్34ఎస్ మార్పుకూ ఈ వ్యాధికీ సంబంధం ఉందని హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ బృందం 2002లో ప్రచురించింది. క్లోమం లోపల ట్రిప్సిన్ ముందే మేల్కొంటే దాన్ని అణచే ప్రోటీన్ ఆ జన్యువుది. అయితే ఈ మార్పు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కొందరికీ ఉంటుంది, కాబట్టి అదొక్కటే చాలదు.

#16 నర్సింగ్_ట్యూటర్
చాలా వచ్చింది, థాంక్సండీ. డెల్టా కణాలు ఎవరూ ముట్టుకోలేదు. ఇంకోటి, కేసు షీట్‌లో గ్లూకగాన్ పరీక్ష కూడా రాయించాలా?

#17 ఎండో_గుంటూరు
డెల్టా కణం చేసే సొమాటోస్టాటిన్ 14 అమైనో ఆమ్లాలది, ఇన్సులిన్, గ్లూకగాన్ రెండింటినీ అణుస్తుంది. వార్డులో పనికొచ్చే చోటు ఒకటుంది. కిడ్నీ దెబ్బతిన్న పెద్దాయన గ్లిబెంక్లమైడ్ (గ్లిమెపిరైడ్ జాతి మాత్ర) వేసుకుని లోలో పడ్డాడు అనుకోండి. డెక్స్‌ట్రోజ్ ఎక్కించిన ప్రతిసారీ ఆ గ్లూకోజే బీటా కణాన్ని మళ్లీ రెచ్చగొట్టి ఇన్సులిన్ కక్కిస్తుంది, గంటలో మళ్లీ లో. సొమాటోస్టాటిన్ లాంటి ఆక్ట్రియోటైడ్ 50 మైక్రోగ్రాములు చర్మం కింద ఇస్తే ఆ చక్రం తెగుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఒకసారి షుగర్ 140 వచ్చిందని ఇంటికి పంపకూడదు, కనీసం ఒక రోజు ఉంచాలి.

#18 ల్యాబ్_బాబాయి
గ్లూకగాన్ రాయించకండి మేడం. ఐస్ మీద, ఈడీటీఏ గొట్టంలో, చాలా కిట్లకు గ్లూకగాన్ విరిగిపోకుండా ఆపే అప్రోటినిన్ కలిపి తీసి, చల్లగా ఉన్న సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వెంటనే ఫ్రీజ్ చేయాలి. ఇన్ని చేసినా పేగులో గ్లూకగాన్ పుట్టే అదే పెద్ద గొలుసు, ప్రోగ్లూకగాన్ నుంచి వచ్చే ఇతర ముక్కలను కూడా కొన్ని కిట్లు గ్లూకగాన్‌గానే లెక్కేస్తాయి. ఈ కేసులో ఆ అంకె ఎంత వచ్చినా చికిత్స మారదు. దాని బదులు మలంలో ఎలాస్టేజ్ (క్లోమం చేసే జీర్ణ ఎంజైము) రాయించండి. గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు అయితే జీర్ణరసం తక్కువైనట్టు, 100 లోపు అయితే బాగా తక్కువ. ఎంజైము క్యాప్సూల్స్ వాడుతున్నా ఆపక్కర్లేదు, కిట్ మనిషి ఎలాస్టేజ్‌నే పట్టుకుంటుంది, క్యాప్సూల్‌లో ఉండేది పందిది. నీళ్ల విరేచనం మాత్రం పంపొద్దు, పలచబడి తప్పుగా తక్కువ వస్తుంది. కాస్త గట్టిపడ్డాక తీసి పంపండి.